తరగతి గదిలో నిజంగా పనికివచ్చిన అంతర్జాల వనరులు: మీ సబ్జెక్టు అనుభవం చెప్పండి

పల్లెబడి:
సభ్యులందరికీ నమస్కారం. నేను జిల్లా పరిషత్ ఉన్నత పాఠశాలలో జీవశాస్త్రం బోధిస్తాను. వచ్చే స్కూల్ కాంప్లెక్స్ (చుట్టుపక్కల బడుల ఉపాధ్యాయుల) సమావేశంలో అన్ని సబ్జెక్టుల ఉపాధ్యాయులకూ ఉపయోగపడే అంతర్జాల వనరుల గురించి గంటసేపు మాట్లాడే బాధ్యతను నాకు అప్పగించారు. ఇటువంటి సమావేశాల్లో గతంలో నాకు అందిన జాబితాలు మూడు నా దగ్గర ఉన్నాయి. ఒక్కొక్క దానిలో పదుల కొద్దీ లింకులు ఉన్నాయి గానీ, ఏది ఏ పాఠానికి పనికివస్తుందో, ఏ ప్రశ్న అడిగిన తరువాత చూపించాలో ఒక్క ముక్క కూడా లేదు. అటువంటి నాలుగో జాబితా తయారు చేయడం నాకు ఇష్టం లేదు. కాబట్టి మీరు స్వయంగా ఒక పీరియడ్‌లో వాడి, పిల్లల్లో మార్పు చూసిన వనరును మాత్రమే, ఎలా వాడారో వివరిస్తూ చెప్పవలసిందిగా కోరుతున్నాను. మా బడిలో ఒకే ఒక పెద్ద తెర ఉంది. దానికి నెట్ కావాలంటే నా ఫోన్ హాట్‌స్పాటే ఆధారం.

నా వంతుగా ఒకటి చెబుతాను. సీజన్‌వాచ్ అనే కార్యక్రమంలో పిల్లలు తమకు దగ్గరలో ఉన్న ఒక చెట్టును ఎంచుకుని, వారానికి ఒకసారి దాని చిగురు, పువ్వు, కాయ ఏ స్థితిలో ఉన్నాయో నమోదు చేస్తారు. మా ఎనిమిదో తరగతి పిల్లలు బడి ఆవరణలోని వేప, కానుగ చెట్లను ఈ విధంగా పరిశీలిస్తున్నారు. కానుగ ఆకు రాల్చి చిగురించడానికి ఎన్ని వారాలు పట్టిందో వాళ్ల నోటు పుస్తకంలో ఉంది, ఏ పాఠ్యపుస్తకంలోనూ లేదు. ఫోన్ పని వారానికి అయిదు నిమిషాలే, మిగిలినదంతా చెట్టు కిందే జరుగుతుంది.

భౌతికం_మాస్టారు:
మేడమ్ గారూ, మీ ప్రశ్న అడిగిన తీరు నాకు చాలా నచ్చింది. భౌతికశాస్త్రం వరకు నేను ఒకే పేరు చెబుతాను: ఫెట్. అమెరికాలోని కొలరాడో విశ్వవిద్యాలయంలో, నోబెల్ బహుమతి పొందిన భౌతిక శాస్త్రవేత్త కార్ల్ వీమన్ 2002లో దీన్ని ప్రారంభించారు. ఇందులోని సిమ్యులేషన్లు (తెర మీద మనమే మార్చి చూడగల ప్రయోగ నమూనాలు) పూర్తిగా ఉచితం, కొన్ని తెలుగు అనువాదంతో కూడా దొరుకుతాయి, ఒకసారి దించుకుంటే ఆ తరువాత నెట్ అవసరం ఉండదు.

నేను విద్యుత్ వలయాల పాఠంలో దీన్ని వాడే పద్ధతి ఇది. తెర వెలిగించక ముందే నల్లబల్ల మీద ఒక బ్యాటరీ, శ్రేణిలో రెండు ఒకే రకం బల్బులు గీసి, ఏది ఎక్కువ వెలుగుతుందో ప్రతి ఒక్కరినీ నోటు పుస్తకంలో రాయమంటాను. తరగతిలో సగానికి పైగా పిల్లలు, బ్యాటరీకి దగ్గరగా ఉన్న బల్బు కరెంటును కొంత వాడేసుకుంటుంది కాబట్టి రెండోది మసకగా వెలుగుతుందని రాస్తారు. ఆ తరువాతే తెర మీద అదే వలయాన్ని ఒక విద్యార్థి చేత కట్టిస్తాను. రెండు బల్బులూ సమానంగా వెలుగుతాయి, అమ్మీటరును ఏ స్థానంలో పెట్టినా ఒకే విలువ చూపిస్తుంది, తీగలోని ఎలక్ట్రాన్లన్నీ ఒకేసారి కదలడం కనిపిస్తుంది. ముందుగా తప్పు జవాబు రాసిన పిల్లవాడికి ఆ దృశ్యం ఒక ప్రశ్నకు సమాధానంగా అందుతుంది. రాయించకుండా నేరుగా చూపించిన సంవత్సరం అదే దృశ్యాన్ని పిల్లలు బొమ్మలాట చూసినట్లు చూశారు, పరీక్షలో మళ్లీ అదే తప్పు రాశారు. అది నా బోధనలో జరిగిన పొరపాటు, అందుకే ఇంత వివరంగా చెబుతున్నాను.

రేఖాగణితం:
భౌతికం మాస్టారి మాట గణితానికి అక్షరాలా వర్తిస్తుంది. నేను జియోజీబ్రా వాడతాను. ఆస్ట్రియాలోని సాల్జ్‌బర్గ్ విశ్వవిద్యాలయంలో మార్కస్ హోహెన్‌వార్టర్ 2001లో మొదలుపెట్టిన ఈ సాఫ్ట్‌వేరును కంప్యూటరులో స్థాపించుకుంటే నెట్ లేకుండానే పనిచేస్తుంది.

అర్ధవృత్తంలోని కోణం లంబకోణం అనే సిద్ధాంతానికి దీనిని మించిన ఉపకరణం నాకు తెలియదు. వ్యాసం చివర్లను వృత్తం మీది ఒక బిందువుతో కలిపి, ఆ బిందువును వేలితో జరుపుతూ పోతే కోణం 90 డిగ్రీల నుంచి కదలదు. అయితే ఇక్కడే చాలామందిమి ఆగిపోతున్నాం. తెర మీద కనిపించింది నిరూపణ కాదు. నేను ఆ క్షణంలో తెర ఆపివేసి, 'ఎందుకు కదలలేదు?' అని అడుగుతాను. కేంద్రాన్ని ఆ బిందువుతో కలిపితే రెండు సమద్విబాహు త్రిభుజాలు ఏర్పడతాయని, పెద్ద త్రిభుజంలో ఒక రకం కోణాలు రెండు, మరో రకం కోణాలు రెండు కలిసి 180 అవుతాయి కాబట్టి వాటిలో సగం 90 అని పిల్లలు నల్లబల్ల దగ్గరకు వచ్చి చెప్పే వరకు మళ్లీ తెర వెలిగించను.

మరొక సంగతి. కోణాల విలువలను పూర్ణాంకాలకు సవరించి చూపే అమరిక ఉంటే, ఒక్కోసారి త్రిభుజంలోని మూడు కోణాలు 60, 59, 60 అని కనిపిస్తాయి. మా తరగతిలో ఒక అమ్మాయి మొత్తం 179 మాత్రమే వచ్చిందని లేచి చెప్పింది. అసలు విలువలు 60.4, 59.3, 60.3 అని దశాంశాలతో చూపించి, ఆ రోజు మిగిలిన పీరియడ్ అంతా సవరింపు గురించే మాట్లాడుకున్నాం. అనుకున్న పాఠం మరునాటికి వాయిదా పడింది, అయినా నాకు ఆ రోజు ఎంతో తృప్తి కలిగింది.

ఒకటో_తరగతి:
ఉన్నత పాఠశాలల వారు చెప్పినవన్నీ శ్రద్ధగా చదివాను. ప్రాథమిక పాఠశాలలో రెండు తరగతులను ఒకే గదిలో కూర్చోబెట్టి చెప్పే నాలాంటి ఎస్జీటీలకు (ప్రాథమిక తరగతుల ఉపాధ్యాయులకు) అన్నిటికన్నా పెద్ద కొరత పిల్లలు తమంతట తాము చదువుకోగల చిన్న పుస్తకాలు. ప్రథమ్ బుక్స్ సంస్థ 2015లో ప్రారంభించిన స్టోరీవీవర్ ఈ కొరతను తీర్చింది. అందులో తెలుగు కథలు చాలా ఉన్నాయి, అవి పఠన స్థాయిని బట్టి నాలుగు మెట్లుగా విభజించబడి ఉంటాయి. మొదటి మెట్టు కథలో పేజీకి ఒకటి రెండు వాక్యాలే ఉంటాయి. నేను నెలకు రెండు కథలను దించుకుని, నలుపు తెలుపులో అచ్చు తీయించి, కుట్టి, తరగతి గదిలో దండెం మీద వేలాడదీస్తాను. రంగులు పిల్లలే వేసుకుంటారు.

ఈ కథలు క్రియేటివ్ కామన్స్ లైసెన్సుతో వస్తాయి కాబట్టి రచయిత, చిత్రకారుడు, అనువాదకుల పేర్లను యథాతథంగా ఉంచి ఎన్ని ప్రతులైనా తీసుకోవచ్చు, మన యాసకు తగినట్లు మార్చుకోవచ్చు కూడా. కథలో ఉన్న పదం మా పిల్లల ఇళ్లలో వాడే పదం కాకపోతే రెండూ పక్కపక్కన రాస్తాను. ఇంటి మాటకు పుస్తకంలో చోటు దొరికిందని గమనించిన పిల్లవాడి ముఖం చూడవలసిందే.

చేతిపని:
నేను పదవీ విరమణ చేసిన సైన్సు ఉపాధ్యాయుణ్ణి. భౌతికం మాస్టారితో నాకు ఒక విషయంలో విభేదం ఉంది. బల్బు, తీగ, టార్చి సెల్లు ఊరి కిరాణా కొట్టులో దొరుకుతున్నప్పుడు వలయాన్ని తెర మీద కట్టించడం ఎందుకు? నిజమైన తీగ సరిగా తగలకపోతే బల్బు వెలగదు, ఎక్కడ వదులుగా ఉందో వెతకడంలోనే సగం విజ్ఞానశాస్త్రం ఉంది. తెర మీది తీగ ఎప్పుడూ వదులు కాదు.

అంతర్జాలాన్ని నేను వద్దనడం లేదు. అరవింద్ గుప్తా గారి వెబ్‌సైటును నేను ఎన్నో ఏళ్లుగా వాడుతున్నాను. కాన్పూరు ఐఐటీలో చదివిన ఆయన పనికిరాని వస్తువులతో సైన్సు బొమ్మలు చేయడానికే జీవితాన్ని అంకితం చేశారు, 2018లో పద్మశ్రీ అందుకున్నారు. సైకిల్ వాల్వ్ ట్యూబు ముక్కలు, అగ్గిపుల్లలతో ఘనాకృతులు కట్టించే ఆయన పద్ధతి గణితం వారికీ పనికివస్తుంది. అన్నిటికన్నా నాకు నచ్చినది విద్యుత్ మోటారు. ఒక టార్చి సెల్లు, రెండు పిన్నీసులు, ఒక అయస్కాంతం, పూత ఉన్న రాగి తీగ చాలు. తీగ చుట్టకు ఒక కొనమీది పూతను పూర్తిగా గీకి, రెండో కొనమీద ఒక వైపు మాత్రం పూతను అలాగే ఉంచాలి. రెండు కొనలూ పూర్తిగా గీకిన పిల్లవాడి మోటారు ఊగుతుంది గానీ సరిగా తిరగదు. ఎందుకు తిరగలేదని ఆలోచిస్తూ వాడు, చుట్ట తిరుగుడుకు తగినట్లు కరెంటును మార్చే భాగమైన కమ్యుటేటరు అవసరాన్ని తనంతట తానే కనుక్కుంటాడు.

భౌతికం_మాస్టారు:
పెద్దవారు మీరు చెప్పినదానితో నేను చాలావరకు ఏకీభవిస్తున్నాను. మొదట చేతితో కట్టించి, తరువాత తెర మీద చూపించడం ఇంకా మంచిది. అయితే నిజమైన తీగలో ఎలక్ట్రాన్ కదలిక కంటికి కనిపించదు, నిజమైన బ్యాటరీని తిన్నగా తీగతో కలిపి చూడమని నలభై మంది పిల్లలకు నేను చెప్పలేను. తెర మీద ఆ పని చేస్తే బ్యాటరీ మీద మంట కనిపిస్తుంది, అంతే. కంటికి కనిపించనివీ, చేతికి ప్రమాదకరమైనవీ తెరకు వదిలి, మిగిలినదంతా మీ పిన్నీసుల పద్ధతిలో చేయడం సబబని నా అభిప్రాయం.

చేతిపని:
ఆ విభజన నాకు సమ్మతమే మాస్టారూ. పల్లెబడి మేడమ్ గారు తమ ప్రసంగంలో దానిని చేర్చుకోవాలని కోరుతున్నాను.

కొల్లేటి_ఒడ్డు:
సాంఘికశాస్త్రం తరఫున రాస్తున్నాను. మా సబ్జెక్టుకు వనరులు లేవనుకుంటారు గానీ, నిజానికి మన ఊరే పెద్ద వనరు, దానిని పైనుంచి చూపించే సాధనాలు ఇప్పుడు ఉచితంగా దొరుకుతున్నాయి. ఇస్రో 2009లో ప్రారంభించిన భువన్‌ను హైదరాబాదులోని జాతీయ దూర సంవేదన కేంద్రం నిర్వహిస్తోంది. ఆరో తరగతి పటాల పాఠంలో మొదటి రోజు పిల్లల చేత బడి నుంచి ఇంటికి దారిని కాగితం మీద గీయించి, రెండో రోజు భువన్‌లో మా ఊరి ఉపగ్రహ చిత్రం తెరిచి పోల్చమంటాను. దిక్కులు తప్పినవారు, దూరాలు తప్పినవారు, చెరువును మరచిపోయినవారు తమ తప్పులను తామే పట్టుకుంటారు. స్కేలు ఎందుకు కావాలో ఆ రోజు వివరించవలసిన అవసరమే రాలేదు.

పై తరగతులకు గూగుల్ ఎర్త్ టైమ్‌లాప్స్ చూపిస్తాను. అందులో 1984 నుంచి తీసిన ఉపగ్రహ చిత్రాలు సంవత్సరాల వారీగా కదులుతాయి. మాది కొల్లేరు పక్క ఊరు. సరస్సు మధ్యలోకి చేపల చెరువుల చదరపు గట్లు ఎలా పాకుతూ వచ్చాయో పిల్లలు కళ్లారా చూస్తారు. కొల్లేటిని 1999లో వన్యప్రాణి అభయారణ్యంగా ప్రకటించడం, 2002లో అంతర్జాతీయ ప్రాముఖ్యం గల చిత్తడి నేలల రామ్‌సర్ జాబితాలో చేరడం, 2006లో గట్లను తెగ్గొట్టడం పుస్తకంలో మూడు వాక్యాలుగా ఉండేవి. చిత్రం చూసిన తరువాత ఒక పిల్లవాడు, ఆ గట్లలో ఒకటి తన తాతదేనని చెప్పాడు. అప్పుడు తరగతిలో జరిగిన చర్చలో పర్యావరణం ఒక వైపు, బతుకుతెరువు మరో వైపు నిలబడ్డాయి. నేను ఎవరి పక్షమూ తీసుకోలేదు, ఇంటికి వెళ్లి పెద్దలను అడిగి రమ్మని పది ప్రశ్నలు ఇచ్చాను.

ఒక జాగ్రత్త తప్పనిసరి. విదేశీ వెబ్‌సైట్లలోని పటాల్లో మన దేశ సరిహద్దులు వేరుగా ఉండవచ్చు. రాజకీయ పటం కావలసినప్పుడు సర్వే ఆఫ్ ఇండియా వారి పటాన్నే దించుకోండి.

గురువులఘువు:
తెలుగు పండితుల మాట కూడా వినండి. మాకు వనరులు తక్కువని అనుకుంటారు గానీ ఆంధ్రభారతి వెబ్‌సైటులోని నిఘంటు శోధన ఒక్కటి చాలు. సూర్యరాయాంధ్ర నిఘంటువు, శబ్దరత్నాకరం, బ్రౌన్ నిఘంటువు మొదలైనవాటిలో ఒకే మాటను ఒకేసారి వెతకవచ్చు. పాఠంలో కొత్త పదం వస్తే నేను అర్థం చెప్పను. మూడు నిఘంటువుల్లో ఏముందో చదివించి, ఈ సందర్భానికి ఏ అర్థం పొసగుతుందో పిల్లలనే తేల్చమంటాను. గైడులో ఉన్న ఒక్క పదం బట్టీ పట్టడానికీ దీనికీ ఎంత దూరమో వేరే చెప్పనక్కరలేదు.

పోతన పద్యాలకు తెలుగుభాగవతం వెబ్‌సైటు ఉంది. పద్యం, ప్రతిపదార్థం, భావం, వినడానికి గాత్రం ఒకే చోట దొరుకుతాయి. గజేంద్రమోక్షం చెప్పేటప్పుడు ముందు నేను చదివి, తరువాత అక్కడి గాత్రం వినిపించి, మూడోసారి పిల్లల చేత చదివిస్తాను. నాకు రాగం రాదు. ఆ లోటు పిల్లలకు తగలకుండా ఈ సౌకర్యం కాపాడుతోంది.

ఛందస్సుకు 'ఛందం' అనే సాధనం ఉంది. పద్యం అందులో పెడితే గురులఘువులు గుర్తించి గణవిభజన చేసి చూపుతుంది. ఇది కూడా ముందే చూపిస్తే అపకారమే చేస్తుంది. నా తరగతిలో పిల్లలు ముందు చేతితో గణవిభజన చేసి, భ ర న భ భ ర వ వచ్చింది కాబట్టి ఉత్పలమాల అని, పదో అక్షరం యతిస్థానమని రాసిన తరువాతే సరిచూసుకోవడానికి దానిని తెరుస్తాం. సంయుక్తాక్షరం ముందున్న అక్షరం గురువవుతుందన్న సూత్రం మరచినవారు ఎక్కడ జారారో అక్కడికక్కడే తెలిసిపోతుంది.

కృత్రిమ మేధ సాధనాల గురించి ఎవరూ ప్రస్తావించలేదు కాబట్టి ఒక మాట. ఒక సాధనాన్ని శతక పద్యానికి తాత్పర్యం అడిగితే, నిర్దోషమైన వాక్యాల్లో, పద్యంలో లేని భావం చెప్పింది. ఆంగ్లంలో ప్రశ్నల నమూనాలు తయారు చేసుకోవడానికి వాడుకోండి, పద్యానికి మాత్రం నమ్మకండి.

సహితవిద్య:
నేను మండలంలో ప్రత్యేక అవసరాలు గల పిల్లలతో పనిచేస్తాను. ఇక్కడి చర్చ అంతా తెర చుట్టూ తిరుగుతోంది. ఆ తెర కనిపించని పిల్లవాడు కూడా మీ తరగతిలో ఉండవచ్చని గుర్తు చేస్తున్నాను. ఎన్‌వీడీఏ అనే ఉచిత సాఫ్ట్‌వేరు కంప్యూటరు తెర మీది తెలుగును చదివి వినిపిస్తుంది. 2016లో మొదలైన సుగమ్య పుస్తకాలయ్‌లో చూపు లేనివారు వాడుకోగల రూపంలో పుస్తకాలు ఉన్నాయి. వినికిడి లోపం ఉన్న పిల్లలకు భారతీయ సంకేత భాషా పరిశోధన శిక్షణ కేంద్రం తయారు చేసిన పది వేల పదాల వీడియో నిఘంటువు ఉంది. సైన్సు మాటలకు సంకేతాలు నేను దానిలోనే నేర్చుకున్నాను.

ఉపాధ్యాయులందరికీ ఒక విన్నపం. మనం ప్రశ్నపత్రాలనూ నోట్సునూ డీటీపీ కేంద్రంలో అను ఫాంట్లలో టైపు చేయించి ఒకరికొకరం పంచుకుంటున్నాం. అవి యూనికోడ్ (ఏ పరికరమైనా తెలుగు అక్షరంగానే గుర్తించే ప్రామాణిక పద్ధతి) కావు. అచ్చులో చక్కగానే ఉంటాయి గానీ ఎన్‌వీడీఏ వాటిని చదివితే అర్థంలేని ఆంగ్ల అక్షరాలు వినిపిస్తాయి, ఎవరూ వాటిలో ఒక పదాన్ని వెతకలేరు. తెలుగు టైపు చేసే లేఖిని వెబ్‌సైటులో గానీ, ఫోన్‌లో మాట్లాడి టైపు చేసే సౌకర్యంతో గానీ యూనికోడ్‌లో తయారు చేస్తే, నాలుగేళ్ల తరువాత కూడా అదే ప్రశ్నను వెతికి తీసుకుని సవరించుకోవచ్చు. నేను చూసే పిల్లవాడు ఒకడు తన పరీక్ష పాఠాలను మొదటిసారి తనంతట తాను విన్న రోజు మూడుసార్లు వెనక్కి జరిపి విన్నాడు.

మారుమూల_బడి:
మా ఊళ్లో ఫోన్ సిగ్నలు బడి వెనుక గుట్ట ఎక్కితేనే వస్తుంది. అందువల్ల నాకు దించుకోవడానికి వీలైనవే వనరులు. ప్రభుత్వ పాఠాల వేదిక అయిన దీక్ష యాప్‌లో పాఠ్యపుస్తకం మీది క్యూఆర్ కోడ్ చదివించి, ఆ పాఠపు వీడియోను యాప్‌లోనే దించుకోవచ్చు, నెట్ లేకుండా తోటి ఉపాధ్యాయుల ఫోన్లకు పంపుకోవచ్చు కూడా. 2017లో వచ్చిన ఈ వేదికలో అన్నీ మంచివని చెప్పను. కొన్ని వీడియోలు పాఠాన్ని చదివి వినిపించడం తప్ప ఏమీ చేయవు, నేను ముందు పూర్తిగా చూసి అయిదులో ఒకటి ఎంచుకుంటాను. కివిక్స్ అనే సాఫ్ట్‌వేరుతో తెలుగు వికీపీడియా మొత్తాన్ని పెన్‌డ్రైవులో పెట్టుకున్నాను. పిల్లలు జవాబు వెతికేటప్పుడు వ్యాసం చివర మూలాలు ఉన్నాయో లేవో చూడడం కూడా నేర్పిస్తున్నాను. ఎక్కువ మంది పిల్లలకు నెట్ లేకుండానే ఒకేసారి పాఠాలు ఇవ్వగలిగే కోలిబ్రీ అనే వేదిక కూడా ఉంది, పాత కంప్యూటరు ఒకటి సర్వరుగా ఉంటే చాలు. తెలంగాణ మిత్రులకు పాఠాలు ప్రసారం చేసే టీ-శాట్ విద్య ఛానల్ సంగతి తెలిసినదే.

రేఖాగణితం:
కాపీరైట్ గురించి సమావేశంలో తప్పక అడుగుతారు, సిద్ధంగా ఉండండి మేడమ్. బోధనలో భాగంగా ఉపాధ్యాయుడు ప్రతులు తీసుకోవడానికి 1957 నాటి చట్టంలోని 52వ సెక్షన్ అవకాశం ఇస్తుంది. గైడుల పీడీఎఫ్‌లను వందల మంది సభ్యులున్న బృందాల్లో పంచడం దాని కిందికి రాదు.

పల్లెబడి:
అందరికీ హృదయపూర్వక కృతజ్ఞతలు. ప్రతి టపానూ రెండేసిసార్లు చదివి నోట్సు రాసుకున్నాను. జాబితా అచ్చువేయించే ఆలోచన పూర్తిగా విరమించుకున్నాను. గంటలో మొదటి ఇరవై నిమిషాలు భౌతికం మాస్టారి రెండు బల్బుల ప్రశ్నను ఉపాధ్యాయులకే ఇచ్చి, జవాబు కాగితం మీద రాయించి, పిదప నిజమైన బల్బులతోనూ తెర మీదా చేసి చూపిస్తాను. తెలుగు, సాంఘికం వారు ఆ తరువాత చెరొక పది నిమిషాలు ఆంధ్రభారతినీ భువన్‌నూ తమ చేతులతోనే తెరిచి చూస్తారు. మిగిలిన సమయంలో ఒక్కొక్కరు ఒక పాఠం పేరు, ఒక వనరు పేరు, తెర వెలిగించే ముందు అడగబోయే ఒక ప్రశ్న రాసి ఇవ్వాలి. ఆ కాగితాలను యూనికోడ్‌లో టైపు చేసి ఇక్కడే పెడతాను.

ఒక చిన్న సందేహం మిగిలింది. మా తెరలోని బ్రౌజరు పాతది, ఫెట్ సిమ్యులేషన్ తెరుచుకోవడం లేదు. ఏం చేయాలి?

భౌతికం_మాస్టారు:
మీ ల్యాప్‌టాప్‌లో బ్రౌజరును తాజా చేసి, సిమ్యులేషన్ ఫైలును అందులోనే దించుకోండి. ల్యాప్‌టాప్‌ను హెచ్‌డీఎంఐ తీగతో తెరకు కలిపితే తెర పాతదైనా ఇబ్బంది ఉండదు. తీగ కనీసం అయిదు మీటర్లది తీసుకోండి, లేకపోతే మీరు తెర పక్కనే నిలబడిపోవలసి వస్తుంది, వెనుక బెంచీల వాళ్లు ఏం రాస్తున్నారో చూడలేరు.

పల్లెబడి:
తీగ ఈ రోజే తెప్పిస్తాను మాస్టారూ. చేతిపని గారూ, మీ మోటారుకు రాగి తీగ ఎంత మందం ఉండాలో కూడా చెప్పగలరా? సమావేశం రోజున ఒకటి చేసి బల్ల మీద పెడదామని ఉంది.

చేతిపని:
మోటారు వైండింగ్ చేసే కొట్టులో అడిగితే పూత తీగ ముక్క ఉచితంగానే ఇస్తారు. చుట్ట తన ఆకారం తాను నిలుపుకునేంత గట్టిగా ఉండాలి, వేళ్లతో వంచగలిగేంత మెత్తగా ఉండాలి. టార్చి సెల్లు చుట్టూ పది చుట్లు చుట్టి తీయండి. ఒకటి కాదు, మూడు చుట్టలు చేసుకుని వెళ్లండి. ఒకదానికి రెండు కొనలూ పూర్తిగా గీకి ఉంచండి, అది ఎందుకు తిరగడం లేదో ఉపాధ్యాయులనే చెప్పమనండి.